నేల వాటం

మా ముందు గది నేల ఒక పక్కకి వాలిందని మా అబ్బాయి తేల్చిన రోజున నేను లోలోపల సంతోషించాను. ఇల్లు కుంగుతోందంటే ఎవరైనా కంగారు పడతారు. నేనూ పైకి కంగారు పడ్డాను. గోడలకి బీటలున్నాయేమో చూడమన్నాను, పునాదిలోకి నీళ్లు దిగాయేమోనన్నాను, కప్పు మీద పడితే మన గతేమిటన్నాను. కానీ మనసులో మాత్రం, దేవుడా, తప్పు నేలదే అయ్యుండాలి, ఇంకెవరిదీ కాకూడదు అని మొక్కుకున్నాను.

మా ముందు గది కూర్చునే గది కాదు. అందులో మా అబ్బాయి పాత పిన్‌బాల్ మెషీన్లు బాగుచేస్తాడు. ఎరగనివాళ్లకి చెప్పాలంటే, అది నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన పొడుగాటి పెట్టె. పైన అద్దం, అద్దం కింద ఏటవాలుగా బొమ్మలు వేసిన చెక్క పలక. ఆ పలక మీద ఒక ఉక్కు గోళీ గంటలు మోగించుకుంటూ, దీపాలు వెలిగించుకుంటూ కిందికి దొర్లివస్తుంది. ఆడేవాళ్లు పెట్టెకి రెండు పక్కలా చేతులు వేసి, బొత్తాలు నొక్కి, రెండు చిన్న రెక్కలతో దాన్ని మళ్లీ పైకి కొట్టాలి. రెక్కల సందులోంచి జారిపోతే ఆట పోయినట్టే. ఒకప్పుడు సినిమా హాళ్లలో, స్టేషన్ల దగ్గర ఇవి ఉండేవి. ఇప్పుడు ఎవరి గొడౌన్లోనో, ఎవరి మెట్ల కిందో ఎలుకలు కొట్టి పడి ఉంటే, మోజున్నవాళ్లు మా ఇంటికి మోయించుకొస్తారు. మా వాడు వాటిని విప్పి, తుప్పు వదిలించి, కాలిన తీగ కాయిళ్లు మార్చి, అరిగిన రబ్బరు రింగులు తీసి కొత్తవి తొడిగి, మళ్లీ మాట వచ్చేలా చేస్తాడు. దాంతోనే మా ఇల్లు గడుస్తోంది.

ఆ పనంటే నాకు మొదటి నుంచీ భయమే. పలకని పైకెత్తి, కర్ర పోటు పెట్టి, వాడు తల లోపలికి దూర్చి పనిచేస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. పోటు జారితే మెడ విరుగుతుంది. కరెంటు తీశాడో లేదో. వైర్లు అతకడానికి సీసం కరిగించిన పొగ ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో. అద్దం మోస్తూ గుమ్మానికి తగిలితే. వంటింట్లో ఉన్నా నా చెవులు ముందు గదిలోనే ఉండేవి. కాసేపు చప్పుడు లేకపోతే గరిటె చేతిలో పట్టుకునే పరిగెత్తేదాన్ని. వాడు పలక కింద నుంచి, "బతికే ఉన్నానమ్మా" అనేవాడు, అడక్కముందే. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది, మాటకి మాట అనడానికి తడుముకోదు. మనిషి చావడానికి ఇన్ని దారులుంటాయని ఈ ఇంటికి వచ్చేదాకా తనకి తెలియదంటుంది. నేను నవ్వేదాన్ని. నా భయాలు నిజం కాలేదని నవ్వే నవ్వు అది.

అన్నిటికీ కింద ఇంకో భయం ఉంది. దాన్ని నేను ఒక్కసారే పైకి అన్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఊరికే కూర్చున్నప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద ఏదో గింజని నలుపుతున్నట్టు ఆడటం మొదలైంది. ఏదో ఆలోచిస్తున్నారనుకున్నాను. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. తర్వాత కప్పు సాసరు మీద టకటకా కొట్టుకునేది. ఎవరైనా చూస్తుంటే ఆయన చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు. డిపోవాళ్లు స్టీరింగు మీంచి దింపేసి టికెట్ల కిటికీ దగ్గర వేశారు. అక్కడ చిల్లర చేతిలో నిలవలేదు. తర్వాత చెంచా. తర్వాత మాట. చివరికి పక్క మీద ఒత్తిగిలాలన్నా నేనే తిప్పాలి. మా వాడు అప్పుడు చిన్నవాడు. తండ్రి మంచాన పడ్డ తర్వాతి సంగతులే వాడికి గుర్తు. ఆ జబ్బు చివర ఎలా ఉంటుందో వాడికి తెలుసు. మొదలు ఎలా ఉంటుందో నాకొక్కదానికే తెలుసు.

అందుకని నా కళ్లు ఎప్పుడూ వాడి చేతుల మీదే ఉండేవి. ఆ చేతులు పోతే వాడికి ఇంకేమీ లేదు. వాడికి వేరే పని రాదు, రావాలని కోరికా లేదు. ఆ మధ్య ఒకరోజు భోజనం దగ్గర, వాడి కుడిచెయ్యి బల్ల మీద ఊరికే ఉన్నప్పుడు, బొటనవేలు కదిలినట్టు అనిపించింది. చెయ్యి చూపించరా అన్నాను. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నన్ను ఎప్పుడూ విసుక్కోనివాడు ఆ రోజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను చూస్తుంటే తనకి చేతులే ఆడటం లేదని, ఇంక చూడటం మానేయమని గుమ్మంలో నిలబడి చెప్పాడు. సరేనన్నాను. మానలేదు. వాడికి తెలియకుండా చూడటం నేర్చుకున్నాను.

పలక మీద వెలిసిపోయిన బొమ్మలకి సన్న కుంచెతో గీతలు దిద్దే పని వాడికి ప్రాణం. ఆ పని కోడలికి ఇచ్చేశాడు, చూపు మందగించిందని చెప్పి. కోడలు వాణ్ణి తన దుకాణానికి తీసుకెళ్లి కూర్చోబెట్టి పరీక్ష చేయించింది. చూపు శుభ్రంగా ఉందన్నారు. ఆ సంగతి చెబుతూ కోడలు నవ్వింది, మీ అబ్బాయికి బద్ధకం రోగం అని. నేను నవ్వలేదు. వైర్లు అతికే చోట సీసం బొట్టు ఇదివరకు ఆవగింజంత ఉండేది, ఇప్పుడు కందిగింజంత ఉంటోంది. అది నేను ఊడ్చేటప్పుడు చూశాను. చూసి, నాకేం తెలుసు, కొత్త సీసం అలాగే ఉంటుందేమో అనుకున్నాను. నేనే అనుకున్నాను, అంత భయస్తురాలిని.

నేల గొడవ ఎలా మొదలైందో చెప్పాలి.

ప్రతి మెషీన్లోనూ ముందు తలుపు వెనక ఒక ఇత్తడి గుండు వేలాడుతూ ఉంటుంది, గంటకి నాలుక వేలాడినట్టు. దాని చుట్టూ ఒక కడియం. ఆడేవాడు పెట్టెని మెల్లగా తట్టినా, కాస్త నెట్టినా ఏమీ కాదు. అడ్డగోలుగా ఊపితే గుండు ఊగి కడియానికి తగులుతుంది. తగిలిందో, దీపాలు ఆరిపోతాయి, రెక్కలు చచ్చుబడతాయి, గోళీ కళ్ల ముందే జారిపోతుంది. దాన్ని టిల్ట్ అంటారు. గుండుని పైకి జరిపితే ఎంత ఊపినా ఊరుకుంటుంది. కిందికి జరిపితే దగ్గినా ఆరిపోతుంది. ఎక్కడ బిగించాలన్నదానికి కొలబద్ద లేదు. పనంతా అయ్యాక, చిట్టచివర, మా వాడు తన రెండు చేతులూ పెట్టె మీద వేసి ఆడి చూసుకుంటూ దాన్ని బిగిస్తాడు. తన చేతికి కుదిరితే అందరి చేతికీ కుదిరినట్టేనని వాడి లెక్క. వాడు బిగించిన మెషీను కరుకూ కాదు, మెతకా కాదు అని పేరు. ఆ పేరంటే వాడికి గర్వం.

అలాంటిది, ఒక మెషీన్ని ఎక్కడ బిగించినా వాడు ఆడుతుంటే ఆరిపోవడం మొదలుపెట్టింది. గుండు కట్టిన కడ్డీ వంగిందన్నాడు, మార్చాడు. తర్వాతి మెషీనూ అంతే చేసింది. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నాడు, మరలు తిప్పి సరిచేశాడు. ఆ తర్వాతదీ అంతే. అప్పుడు మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలవకుండా ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగింది. వాడి ముఖం వెలిగింది. "చూశావా అమ్మా, నేల వాలింది" అన్నాడు, పోయిన వస్తువు దొరికినవాడిలా.

మేస్త్రీ వచ్చాడు. మెషీన్లన్నీ నడవాలో నిలబెట్టాం. ఉన్న నేల పలకలు పగలగొట్టి, అడుగు సరిచేసి, కొత్తవి పరిచాడు. ఇంటినిండా సిమెంటు దుమ్ము. నేను దగ్గుతూ, తుడుస్తూ, ఆ మేస్త్రీకి నా చేత్తో టీ ఇస్తూ, ఆయన కంటే పెద్ద వైద్యుడు లేడన్నట్టు చూసుకున్నాను. పని అయ్యాక ఆయన రసమట్టం పెట్టి మురిసిపోయాడు. ఈ నేల మీద గోళీ పెడితే, ఎటు పోవాలో తెలియక అది కూర్చుని ఏడుస్తుందన్నాడు. అందరం నవ్వాం.

కొత్త నేల మీద మొదట నిలబెట్టింది మంగలాయన మెషీన్ని. ఆయన మా వీధి చివర దుకాణం నడుపుతాడు, వంతు కోసం కూర్చునేవాళ్లకి కాలక్షేపంగా ఉంటుందని ఈ పాత మెషీను కొని బాగుకి ఇచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. గోళీ పైకి వెళ్లిన చప్పుడు విన్నాను. ఒక గంట మోగింది. ఆ వెంటనే లోపల నుంచి ఒక మోటు శబ్దం, అన్నీ ఒక్కసారిగా మూగబోవడం. ఇంకోసారి గోళీ వెళ్లింది. మళ్లీ అంతే. నేను పొయ్యి కట్టేసి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ రోజు నేను పరిగెత్తలేదు. కాసేపటికి మెషీను ముందు తలుపు తెరిచిన కిర్రు వినపడింది, ఇత్తడి మీద స్క్రూడ్రైవరు జారిన గీర వినపడింది. మళ్లీ ఆట మొదలైంది, ఈసారి ఆరలేదు. ఎంతసేపటికీ ఆరలేదు. వాడు గుండుని బాగా పైకి జరిపేశాడని నాకు అర్థమైంది. భోజనం దగ్గర కోడలు కొత్త నేల ఎంత బాగుందో చెబుతూ ఉంది.

కొద్దిరోజులకి మంగలాయన మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నీ మెషీను మరీ మంచిదైపోయింది తమ్ముడూ. ఎత్తి కుదేసినా పల్లెత్తు మాట అనదు. ఒకడైతే ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేపి మరీ ఆడుతున్నాడు. నీ వంతొచ్చింది, కుర్చీ ఎక్కరా అంటే గోళీ ఇంకా పడలేదంటాడు. కటింగ్ కోసం వచ్చినవాడి జుట్టు నా దుకాణంలోనే ఇంకాస్త పెరుగుతోంది."

కోడలు పకపకా నవ్వింది. మా వాడూ నవ్వాడు, వచ్చి చూస్తానన్నాడు. మంగలాయన వెళ్లబోతూ ఆగి, వాడి గడ్డం వైపు వేలు చూపించాడు. "ఆ గడ్డం ఎవరు గీశారు? గడ్డి కోసేవాడా?"

దవడ కింద చిన్న చిన్న గాట్లు. నేను చూడనివి కావు.

"బ్లేడు పాతదన్నా" అన్నాడు మా వాడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు పనిముట్ల సంచీ తీసుకుని బయల్దేరితే నేనూ చెప్పులేసుకున్నాను. ఒక్కడివే ఆ బరువు ఎత్తి నడుం విరగ్గొట్టుకుంటావని సాకు చెప్పాను. నువ్వొచ్చి మోస్తావా ఏంటి అని నవ్వాడు కానీ వద్దనలేదు.

దుకాణంలో ఆ వేళప్పుడు ఎవరూ లేరు. రెండు కుర్చీలు, ఎదురుగా గోడంతా అద్దం, వెనక గోడకి ఇంకో అద్దం. మెషీను వెనక గోడ మూలన ఉంది. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఈసారైనా చూడనన్న మాట నిలబెట్టుకుందామని ఎదురు గోడ వైపు తిరిగితే, ఆ అద్దంలో వాడి చేతులు కనపడ్డాయి. పక్కకి తిరిగితే వెనక గోడ అద్దంలో. ఎటు చూసినా అవే.

వాడు మెషీను ముందు తలుపు తీసి గుండుని కిందికి జరిపాడు. ఉండాల్సిన చోటేదో వాడికి కొట్టినపిండి. మర బిగించడానికి కాసేపు పట్టింది. లేచి, రెండు చేతులూ పెట్టె మీద వేసి, గోళీ వదిలాడు. గోళీ పైన ఒక దీపానికి తగిలింది. ఆ వెంటనే అంతా ఆరిపోయింది. ఇంకోసారి వదిలాడు. ఆరిపోయింది. వాడు సంచీలోంచి రసమట్టం తీసి అద్దం మీద పెట్టాడు, నేల మీద పెట్టాడు. బుడగ నడిమధ్యనే నిలబడింది. అట్ట ముక్క మడిచి ఒక కాలి కింద దోపాడు. నీ నేల వాలుగా ఉందన్నా అన్నాడు. తన నేలకి ఏ రోగమూ లేదని, కావాలంటే మీ మేస్త్రీనే పిలిచి చూపించమని మంగలాయన అన్నాడు. అని, నన్ను చూడనివ్వు తమ్ముడూ అంటూ వాణ్ణి పక్కకి జరిపి తను నిలబడ్డాడు.

ఆయన ఆడాడు. గోళీ గంటల మధ్య తిరిగింది. ఆయన అరచేత్తో పెట్టెని తట్టాడు, ఏమీ కాలేదు. కాస్త నెట్టాడు, ఏమీ కాలేదు. గోళీ సందులోకి జారబోతుంటే రెండు చేతులా పట్టి కుదిపాడు, అప్పుడు ఆరింది. ఆయన ముఖం విప్పారింది.

"ఇదీ. ఇదే కావాల్సింది నాకు. అచ్చుగుద్దినట్టు కుదిరింది తమ్ముడూ."

మా వాడు అక్కడే నిలబడ్డాడు. "లేదన్నా, ఇంకా ఏదో తప్పుంది" అని మళ్లీ చేతులు వేశాడు. బొత్తాల మీద వేళ్లు, పెట్టె మీద అరచేతులు, భుజాలు బిగబట్టి, ఊపిరి కూడా బిగబట్టి. అద్దంలో వాడి కుడి మణికట్టు అదురుతూ కనపడుతోంది. వాడు బిగబట్టినకొద్దీ ఆ అదురు ఎక్కువవుతోంది. లోపల ఇత్తడి గుండు ఆ అదురునే అందుకుని కొద్దికొద్దిగా ఊపు పెంచుకుంటోందని నాకు తెలుసు. ఆరిపోయింది.

మంగలాయన కూడా రోజంతా చేతుల్ని నమ్ముకునే మనిషే. కుర్చీ మీద లేని వెంట్రుకల్ని దులపడం మొదలుపెట్టాడు.

నేను లేచాను. ఎందుకు లేచానో ఆ క్షణాన నాకే తెలియదు. "నన్ను ఆడనివ్వు" అన్నాను.

ఇన్నేళ్లలో నేను ఆ మెషీన్లలో ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకున్నదాన్ని కాదు. దుమ్ము తుడవాలన్నా ప్లగ్గు తీసి ఉందో లేదో చూసి, పొడిగుడ్డతో దూరం నుంచి తుడిచేదాన్ని. వాడు ఆశ్చర్యపోయి పక్కకి తప్పుకున్నాడు. పెట్టె మీద చేతులు వేశాను. అది వెచ్చగా, లోపల తేనెటీగలున్నట్టు సన్నగా ఝుమ్మంటూ ఉంది. కొడుకు నా వేళ్లు తీసి బొత్తాల మీద పెట్టాడు. గోళీ వదిలాడు. అది ఎటు పోతోందో నేను చూడలేదు. నడుంతో పెట్టెని ఒక్క తోపు తోశాను. దీపాలు ఆరిపోయాయి.

"చూశావా, నాక్కూడా ఆరిపోయింది. తప్పు దీన్లోనే ఉంది నాన్నా. ఇది మంచి మెషీను కాదు. అమ్మినవాళ్లకే తిరిగిచ్చేయమను."

వాడు నా వైపు చూడలేదు. నా వెనకున్న అద్దంలోకి చూస్తున్నాడు.

"నడుంతో తోశావమ్మా."

"నేనెందుకు తోస్తాను?"

"అద్దంలో కనపడింది."

మంగలాయన టీ చెప్పొస్తానని బయటికి వెళ్లిపోయాడు, కేకేస్తే కుర్రాడు తెచ్చిచ్చేంత దగ్గరలో టీ కొట్టు ఉన్నా. మా వాడు మెషీను ముందు తలుపు మూశాడు. మూసి, కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి కుర్చీ చేతి మీద పెట్టుకుని, దాన్ని దాచుకోకుండా, వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు.

"నాన్నకి ఎలా మొదలైంది?"

ఆ ప్రశ్న వాడు అడుగుతాడని నేను ఎన్నో రకాలుగా ఊహించుకుని ఉన్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను, అది వేరు ఇది వేరు అని. ఏదీ గుర్తు రాలేదు.

"బొటనవేలితో" అన్నాను.

వాడు తలాడించాడు. "నేల తవ్వించేటప్పుడు, నేలే అయ్యుంటుందని గట్టిగా అనుకున్నాను" అన్నాడు.

"నేనూ అనుకున్నాను నాన్నా. ఇల్లు కూలినా పర్వాలేదనుకున్నాను."

మంగలాయన టీ తెచ్చాడు. నా గ్లాసూ ఆయన గ్లాసూ నిండుగా ఉన్నాయి. మా వాడి గ్లాసులో సగమే పోయించాడు. వాడు అది గమనించాడు. గమనించి, రెండు చేతులా పట్టుకుని తాగాడు.

ఆ సాయంత్రం కోడలికి వాడే చెప్పాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను. గదిలోంచి ఏడుపు వినపడలేదు, దానికి నాకు ఇంకా భయం వేసింది. తర్వాత ఆమె వచ్చి నా పక్కన నిలబడి కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది. కుంచె తన చేతికి ఇచ్చిన రోజునే ఏదో ఉందనిపించిందట, కళ్లు బాగున్నాయని తేలాక అడగడానికి ధైర్యం చాలలేదట. "మీకు ఎప్పటినుంచి తెలుసు అత్తయ్యా?" అంది.

"నాకు ఎప్పుడూ అన్నీ తెలుస్తూనే ఉంటాయమ్మా. మెడ విరుగుతుందని తెలుసు, కరెంటు కొడుతుందని తెలుసు. అవేవీ నిజం కాలేదు కదా. ఇదీ వాటిలో ఒకటేననుకున్నాను."

ఆమె నా భుజం మీద తల ఆనించింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వాణ్ణి నడిపించింది, వేళ్లు తెరిచి మూయమంది, కాగితం మీద ఒక వాక్యం రాయమంది. రాస్తుంటే అక్షరాలు పోను పోను చిన్నవైపోయాయి. ఎప్పుడు మొదలైందని అడిగితే వాడు నా వైపు చూశాడు. నేను చెప్పాను. మందులు కొన్నాళ్లు బాగానే పనిచేస్తాయంది, అందరికీ ఒకేలా ముదరదంది, తండ్రికి వచ్చినంత వేగంగా రావాలని లేదంది. మంచి మనిషి. నేను ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నాను. అవే మాటలు ఇదివరకు ఇంకో డాక్టరు నోట విన్నదాన్ని.

కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. తెచ్చినవాళ్లకి విషయం చెప్పి తిప్పి పంపుతుంటే, కొందరు పెట్టెని మోసుకుపోయేముందు దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేవాళ్లు. విప్పదీసి ఉన్న మెషీను ఒక్కటి మిగిలింది. దాన్ని మాత్రం తనే పూర్తి చేస్తానన్నాడు. సెలవు రోజుల్లో కోడలు సీసం కరిగించి వైర్లు అతికింది, వాడు పక్కన స్టూలు మీద కూర్చుని ఎక్కడ ఎంత వేడి తగలాలో చెప్పాడు. ఇద్దరూ బాగా పోట్లాడుకున్నారు. సన్నగా చెయ్యవే అని వాడు, అంత సన్నగా కావాలంటే సాలెపురుగుని పెళ్లి చేసుకోవాల్సిందని ఆమె. పని నెమ్మదిగా సాగింది. పాత బొట్ల పక్కన ఆమె పెట్టిన బొట్లు వంకరగా ఉన్నా, అన్ని దీపాలూ వెలిగాయి.

చివరికి టిల్ట్ బిగించడం మిగిలింది. అది మాత్రం వాడు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ వేళ కోడలు దుకాణానికి వెళ్లింది. నేను ముందు గదిలో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, ఏమైనా కావాలంటాడేమోనని. వాడు మెషీను ముందు తలుపు తీసి, నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు లోపలికి చూశాడు. తర్వాత తల తిప్పకుండానే అన్నాడు.

"అమ్మా, ఒకసారి వచ్చి చేతులు పెట్టు. తోయకు. ఊరికే ఆడేవాళ్లు పెట్టినట్టు పెట్టు."

"నా చేతులేం పనికొస్తాయిరా. నాకు భయం."

"భయం సంగతి వదిలెయ్. చేతులు నిలకడగానే ఉంటాయి నీకు."

వెళ్లి పెట్టాను. గోళీ వదలమన్నాడు, వదిలాను. గంటలు మోగాయి, పలక మీద కోడలు దిద్దిన బొమ్మల కింద దీపాలు ఒకటొకటే వెలిగాయి. నా కాళ్ల దగ్గర వాడు ఎడమచేత్తో కుడి మణికట్టుని పట్టుకుని, స్క్రూడ్రైవరు మొనని మర గాడిలో పెట్టడానికి చూస్తున్నాడు. మొన ఇత్తడి మీద టకటకా కొట్టుకుని జారిపోతోంది. మళ్లీ పెడుతున్నాడు. జారిపోతోంది. వంగి ఆ స్క్రూడ్రైవరు తీసుకుని నేనే తిప్పేద్దామా అని నా ప్రాణం కొట్టుకుంది. కానీ నేను చేతులు తీస్తే కొలత పోతుంది.

గోళీ జారిపోయింది. ఇంకోటి వదలమని వాడు అనలేదు. కింద టకటక మాత్రం ఆగలేదు.

"ఉన్నావా అమ్మా?" అన్నాడు కాసేపటికి.

"ఉన్నాను."

"తియ్యకు. ఇంకొంచెం సేపు."

"తియ్యను నాన్నా. నువ్వు నిదానంగా కానీ."